వెన్న మీద బొట్టు

మా తమ్ముడు డాక్టరు. డాక్టరువి రాజకీయాల్లోకి ఎందుకు దిగావని ఎవరడిగినా వాడు ప్రజాసేవ అనీ, బాధ్యత అనీ ఏవేవో చెబుతాడు. అవేవీ నమ్మకండి. డ్రైనేజీ మూత తన్నుకుని పడ్డాడు, అందుకు దిగాడు. కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా మరదలు రాస్తోంది. తనకు నచ్చని ముక్క వస్తే కలం ఆపి నా వంక చూస్తుంది. రాయమ్మా, రాయి. జరిగిందేగా.

మా ఆయన పోయాక తమ్ముడు నన్ను ఐర్లండ్ తీసుకొచ్చాడు. డబ్లిన్ పక్కన లూకన్‌లో వాళ్ల ఇల్లు. మంచి రోజుల్లో మొదలుపెట్టి చెడ్డ రోజుల్లో వదిలేసిన కాలనీ అది. మాంద్యం వచ్చేసరికి కట్టేవాడు చేతులెత్తేశాడు. మా వరస వరకు ఇళ్లు పూర్తయ్యాయి. వెనక వరసలో గోడలున్నాయి, కిటికీలు లేవు. పిచ్చుకలు గృహప్రవేశం చేసుకున్నాయి. రోడ్డుకు పైపొర వస్తుందన్న లెక్కతో డ్రైనేజీ మూతలు ముందే ఎత్తుగా బిగించారు. పైపొర రాలేదు. దాంతో మూతలన్నీ రోడ్డు మీద బోర్లించిన గిన్నెల్లా బెత్తెడు ఎత్తున లేచి ఉండేవి.

తమ్ముడు ఆ దగ్గర్లోనే జీపీ. అంటే దగ్గొచ్చినా జ్వరమొచ్చినా జనం ముందు వెళ్లే డాక్టరు. ఈ మూతల పుణ్యమా అని దగ్గులూ జ్వరాలూ వెనకబడి, బెణికిన కాళ్లు ముందుకొచ్చాయి.

"అక్కా, ఈ కాళ్లకు కట్టిన కట్లన్నీ కలిపి ఆ రోడ్డుకు కడితే పోయేది" అనేవాడు.

కౌన్సిల్‌కు, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, ఉత్తరాలు రాశాడు. ప్రతి ఉత్తరానికీ మర్యాదగా జవాబు వచ్చేది. మూత మాత్రం కదిలేది కాదు. ఒకనాడు కాలు బెణికిన ముసలాయన్ను చూడ్డానికి సంచీ పట్టుకుని పోతూ, అదే మూత తన్నుకుని వీడూ బోర్లా పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే ఉండి, తలెత్తి, "ఈసారి ఎలక్షన్లో నేనే నిలబడతా" అన్నాడు.

"ముందు లేచి నిలబడరా" అన్నాను నేను గేటు దగ్గర నుంచి.

పోస్టర్లు వచ్చాయి. మెడలో గొట్టం, మొహంలో మందుకైనా నవ్వు లేదు. మా వైపు అంత పెద్ద ఫొటో కరెంటు స్తంభానికి కట్టారంటే ఆ మనిషి పోయినట్టే.

"ఏందిరా ఇది? దండ ఒక్కటే తక్కువ. కింద జోహార్లని కూడా రాయించావా?"

"డాక్టరంటే సీరియస్‌గా ఉండాలక్కా."

"నువ్వే సీరియస్ అన్నట్టుంది."

ఎదురు స్తంభానికి, అప్పటికే కౌన్సిలర్‌గా ఉన్నాయన బొమ్మ. నోట్లో పళ్లన్నీ బయటే ఉన్నాయి. పేరు నోరు తిరక్క నేనాయన్ను పళ్లాయన అనేదాన్ని.

ఇక్కడ ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి ఓటడగాలి. వీడు తలుపు కొట్టేవాడు. వాళ్లు తలుపు తీసి, డాక్టరే ఇంటికొచ్చాడు చాలని చొక్కా పైకెత్తేవాళ్లు. ఒకాయన వీపు, ఒకామె నాలుక, ఇంకొకరు కాలి గోరు. వీడు కూర్చుని అన్నీ చూసి, టీ తాగి, ఓటు సంగతి మరిచి ఇంటికొచ్చేవాడు.

"ఎన్నిళ్లు తిరిగావురా?"

"నాలుగు."

"ఎంతమంది వేస్తామన్నారు?"

"అడగలేదక్కా. ఒకాయనకు మాత్రం పిత్తాశయంలో రాయి ఉన్నట్టుంది."

ఇట్లా అయితే కుదరదని మిగతా ఇళ్ల తలుపు సందుల్లో కాగితాలు పడేసి వచ్చాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది.

"కాయితం పడేస్తే ఎవరొస్తారురా? పెళ్లికి కార్డు పంపించి ఊరుకుంటే, మమ్మల్ని పిలవనే లేదని చచ్చిందాకా సాధిస్తారు. గడప దాకా పోయి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు."

"ఇది పెళ్లి కాదక్కా, ఓటు."

"ఏదైనా పిలిచేది రమ్మనేగా?"

వాడు పిత్తాశయం ఫోనొస్తే లేచి వెళ్లిపోయాడు. నేను మరదలి వైపు తిరిగాను. "అమ్మాయ్, రెండు రోజులు సెలవు పెట్టి నాలుగు గడపలు తొక్కి రారాదూ?"

మరదలు శాండీఫోర్డ్‌లో ఆఫీసుకు పోతుంది. అప్పటికి అక్కడ సగం మందిని తీసేశారు. వాళ్ల పని కూడా మిగిలినవాళ్ల నెత్తినే పడింది.

"సెలవు మాటెత్తితే నన్నే ఉండిపొమ్మంటారు వదినా, ఇంట్లో. మీరే వెళ్లండి."

"నేనా?"

మా వైపు మొగుడు పోయిన ఆడది బొట్టు పెట్టి పిలవడానికి వెళ్లదు. కుంకుమ భరిణె ఆమె చేతికి ఇవ్వరు. ఆమెను పేరంటానికి పిలవరు. ప్రయాణమై వెళ్లేవాళ్లకు ఆమె ఎదురు రాకూడదు. నేను వీటిని ఎన్నడూ ఎదిరించలేదు. చలికి దుప్పటి కప్పుకున్నట్టు అలవాటైపోయింది. నా వేలికి కుంకుమ అంటి పదేళ్లయింది.

"ఇక్కడ ఆ సంగతి ఎవరికి తెలుసు వదినా?" అంది మరదలు.

"నాకు తెలుసుగా."

"మీరు ఎవరికీ చెప్పకండి మరి."

ఈ ముక్క దగ్గర కలం ఆగింది. రాయమ్మా. అన్నది నువ్వేగా.

ముందు పక్కింటావిడ మీద పరీక్షించాను. ఐరిష్ మనిషి, ఆమెకూ మొగుడు లేడు. అయినా ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుని శనివారం శనివారం డాన్సుకు పోయేది. నాకొచ్చిన ఇంగ్లీషు నాలుగు మాటలు: గ్రాండ్, లవ్లీ, సారీ, నో మిల్క్. ఆ నాలుగింటితోనే మేమిద్దరం నాలుగేళ్లుగా కబుర్లు చెప్పుకుంటున్నాం. భరిణె చూపించి, తమ్ముడి కాగితం చూపించి, ఆమె నుదురు చూపించాను. ఆమె ఏమీ అడగలేదు. కళ్లు మూసుకుని, తల కొంచెం ముందుకు వంచింది. ఇక్కడ ఏడాదికొకరోజు చర్చిలో ఫాదరు నుదుటి మీద బూడిద పెడతాడట. పుట్టినప్పటి నుంచి పెట్టించుకుంటున్న నుదుళ్లు, పాపం, వేలు కనపడితే చాలు వంగుతాయి.

పదేళ్లుగా అలవాటు తప్పిన వేలు. బొట్టు వంకర పోయింది. ఆమె అద్దంలో చూసుకుని "లవ్లీ" అంది. నేను "గ్రాండ్" అన్నాను.

ఒక చిక్కొచ్చింది. వాకిట్లోకి వచ్చేసరికి గాలికి కుంకుమంతా ముక్కు మీదికి రాలింది. మా చిన్నప్పుడు ముందు మైనం రాసి, దాని మీద కుంకుమ అద్దేవాళ్లం. లూకన్‌లో మైనం ఎక్కడ తెచ్చేది? వంటింట్లోకి వెళ్లి చూశాను. వెన్న కనపడింది. ఇక్కడి వెన్న పసుపుముద్దలా గట్టిగా, మహా బాగుంటుంది. చిటికెడు రాసి పైన కుంకుమ అద్దాను. అతుక్కుపోయింది. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. తరువాత నన్ను నేనే తిట్టుకున్నాను, ఆ సంగతి ముందుంది.

ఒక చేతిలో భరిణె, ఒక చేతిలో వెన్న గిన్నె, చంకలో తమ్ముడి కాగితాలు. పక్కింటావిడ మాట్లాడేది, నేను బొట్టు పెట్టేదాన్ని. పగలు తలుపు కొడితే మగవాళ్లే తీశారు. ఉద్యోగాలు పోయి ఇళ్లల్లోనే ఉన్నారు. మా వైపు మగవాళ్లకు బొట్టు పెట్టి పిలవరు గానీ, పాపం వంగిన నుదుటికి కాదని ఎట్లా చెప్పను? నిలువుగా నామంలా తీశాను. పని పోయిన వడ్రంగి ఒకాయన, దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని అడిగించాడు. "గ్రాండ్" అన్నాను. కుక్కకు కూడా పెట్టమన్నాడు. పెట్టాను. అది నాలుక చాచి వెన్నంతా నాకేసింది. బట్టతల ఆయన ఒకడు నుదురు ఎక్కడిదాకా అని నవ్వుతూ అడిగాడు. నాకూ తెలియలేదు, అందాజుగా పెట్టాను.

మూడో రోజు గార్డులు వచ్చారు. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. ఎవరో ఫోన్ చేశారట, ఈ కాలనీలో ఇంటింటా నుదురు పగిలి నెత్తురోడుతున్న మనుషులు బయటికొస్తున్నారని. ఇద్దరు కుర్ర గార్డులు కారు దిగి నా గిన్నెలోకి తొంగిచూశారు. పక్కింటావిడ వాళ్లను అరగంట దులిపింది. పోతూ పోతూ ఒకాయన తనకూ పెట్టమన్నాడు. నేను వేలెత్తేసరికి, తన ఓటు కార్క్ అనే ఊళ్లో ఉందని చెప్పాడు. ఎత్తిన వేలు దించుతానా? పెట్టేశాను.

నాకు చాలా బాగుండేది. సాయంత్రం వేళ్లు కడుక్కుంటే నీళ్లు ఎర్రగా పోయేవి. అది చూస్తూ కాసేపు కుళాయి కట్టకుండా నిలబడేదాన్ని.

ఈ సంగతి లూకన్ పెద్దావిడకు తెలిసింది. పెద్దావిడంటే గోదావరి వైపు మనిషి. లూకన్‌లో ఏ తెలుగింట్లో వ్రతం జరిగినా ఆవిడ కూర్చున్నాకే దీపం వెలిగిస్తారు. మా ఇంటికొచ్చి, ఇచ్చిన కాఫీ ముట్టకుండా అంది.

"ఏవండీ, మీకు తెలీదనుకోవాలా, తెలిసే చేశారనుకోవాలా? ఆ చేత్తో బొట్టు పెడతారాండీ, శుభమా అని తమ్ముడు నిలబడితే?"

"వాళ్లకు మన పట్టింపులు లేవండీ."

"వాళ్లకు లేకపోతే మీ తమ్ముడికి లేవేటండీ? నేను చెప్తున్నాను రాసుకోండి. ఆయన ఓడిపోతే మాత్రం అది మీ చెయ్యే."

నేను రాసుకోలేదు, నాకు రాయడం రాదు. కానీ ఆ మాట లోపలికి దిగింది. తమ్ముడితో చెబితే పకపకా నవ్వాడు. "ఓడితే ఆ పోస్టర్లో మొహం వల్ల ఓడతానక్కా." వాడికి చిన్నప్పుడు ముక్కు తుడిచింది ఈ చెయ్యే. రోడ్డు మీద పడిన ప్రతివాడి కాలూ వాడు పట్టుకుని చూస్తాడు. ఆ ఒక్క కుర్చీ దక్కితే ఆ మూతలు దించుతాడు. అది నా వేలి వల్ల తప్పిపోతే నేనీ ఇంట్లో ఎట్లా తిరగను? ఆ రోజుతో భరిణె మూసి పెట్టేశాను.

ఓట్ల రోజు తెల్లారింది. వాడు బయల్దేరేటప్పుడు ఎదురు రాకూడదని నేను ముందే దాక్కున్నాను. ఇక్కడ బీరువాను ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ప్రెస్‌ను హాట్ ప్రెస్ అంటారు, ఉతికిన బట్టలు అందులో ఆరేస్తారు. మనిషి పడుతుంది. తువ్వాళ్ల మధ్య దూరి తలుపు వేసుకున్నాను. వాడు మెట్లు దిగాడు. హమ్మయ్య అనుకున్నాను. మళ్లీ మెట్లెక్కాడు. తలుపు తీశాడు. తెల్లచొక్కా కోసం.

ఇద్దరం ముఖాముఖి.

"అక్కా! ఇక్కడేం చేస్తన్నావ్?"

"మోకాళ్లకు కాపడం పెట్టుకుంటన్నా."

"నొప్పిగా ఉందని చెప్పవేం? ఎన్నాళ్ల నుంచి? వంచు చూద్దాం."

ఓట్ల రోజు పొద్దున్నే, హాట్ ప్రెస్ ముందు గొంతుక్కూచుని వాడు నా రెండు మోకాళ్లూ నొక్కి చూశాడు. అయ్యింది. వాడు మొదట చూసింది నా మొహం, మొదట ముట్టింది నా కాళ్లు. ఇంక మిగిలిందేముంది?

తొమ్మిదింటికి తలుపు చప్పుడు. పక్కింటావిడ, వెనక మా వరస ఆడవాళ్లు. బొట్టు కావాలన్నారు. "నో" అన్నాను. "సారీ" అన్నాను. తత్తరపాటులో "నో మిల్క్" కూడా అన్నాను. వాళ్లు కదల్లేదు. కళ్లు మూసుకుని వరసగా తలలు వంచారు. అన్ని నుదుళ్ల మీద తలుపు వేయడం నా వల్ల కాలేదు. భరిణె తీశాను. వెన్న కాస్త ఎక్కువే రాశాను, సాయంత్రం దాకా నిలవాలని. వాళ్లు వెళ్లి మొగుళ్లను పంపారు. మధ్యాహ్నం వరకు మా వాకిట్లో జనమే.

ఇక్కడ ఎండ రాదు. ఆ రోజు వచ్చింది. నాలుగేళ్లలో అట్లాంటి ఎండ నేను చూడలేదు.

నేనూ ఓటేశాను. ఇక్కడ కౌన్సిల్ ఓటుకు ఈ దేశపు పాస్‌పోర్టు అక్కర్లేదు, కాపురముంటే చాలు. కాగితం మీద ఫొటోలుంటాయి, దారానికి కట్టిన పెన్సిలుంటుంది. నచ్చినవాళ్లకు ఒకటి, తరువాతివాళ్లకు రెండు, అట్లా అంకెలు వేయాలి. తమ్ముడికి ఒకటి వేశాను. వేలికి సిరా పెడతారని చెయ్యి చాపాను. ఇక్కడ పెట్టరట. చాపిన వేలు ఎర్రగా ఉంది. ఓటు కాగితాలిచ్చే ఆవిడే పాపం నాకు కాగితపు రుమాలు ఇచ్చింది.

మర్నాడు ఒక హాల్లో లెక్కింపు. మరదలు, నేను, పక్కింటావిడ కంచె ఇవతల కూర్చున్నాం. అందరికన్నా వెనకబడిన మనిషిని ఇంటికి పంపేసి, ఆయన కాగితాల మీద రెండో అంకె ఎవరికుంటే వాళ్లకు పంచుతారు. మళ్లీ ఒకరిని పంపుతారు, మళ్లీ పంచుతారు. సాయంత్రానికి మా వైపు కుర్చీలన్నీ నిండి ఒక్క కుర్చీ మిగిలింది. పళ్లాయన, మా తమ్ముడు మిగిలారు. తమ్ముడు గుప్పెడు కాగితాల తేడాతో ముందున్నాడు.

అప్పుడు పళ్లాయన తరపు సన్నటి మనిషి ఒకడు, మా వాడి కట్టలోంచి ఒక కాగితం ఎత్తి చూపించాడు. దాని మీద ఎర్రటి వేలిముద్ర. ఇంకొకటి. మరొకటి. కాగితం మీద మనిషిని పట్టించే గుర్తుంటే ఆ ఓటు చెల్లదట, మరదలు చెవిలో చెప్పింది. ఎండకు వెన్న కరిగింది. బొట్లు ముక్కుల మీదికి జారాయి. తుడుచుకున్న వేళ్లతో అందరూ కాగితాలు పట్టుకున్నారు.

"ఇవి తీసేస్తే?" అన్నాను.

"మనం ఓడిపోతాం వదినా."

నా చెయ్యే. పెద్దావిడ చెప్పినట్టు, అచ్చంగా నా చెయ్యే. ముద్ర కూడా పడింది.

లెక్కింపు అధికారి తమ్ముడిని పిలిచి, ఇది నెత్తురేనా అని అడిగాడు. డాక్టరు కదా. వాడు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. వాసన చూశాడు. "నెత్తురు కాదు, వెన్న" అన్నాడు. ఇంకోసారి చూసి, "ఉప్పు వేసిన వెన్న" అన్నాడు.

నేను లేచాను. కొంగులోంచి భరిణె తీసి, కంచె మీదుగా పైకెత్తి, నాకొచ్చిన నాలుగు మాటల్లో పనికొచ్చే మాట ఒక్కటే ఉంటే అదే అన్నాను. "సారీ!"

హాలంతా నా వైపు తిరిగింది. పక్కింటావిడ నా పక్కన లేచి, నాలుగు మాటలు కాదు, నలభై అరిచింది. ఆయన కట్ట కూడా చూడండి అని దాని సారాంశం.

అధికారి పళ్లాయన కట్ట తెప్పించి విప్పాడు. ఎరుపు. దాని కింద ఎరుపు. ఒకటి నిలువు నామంలా ఉంది.

నాకు భయం పోయి కోపమొచ్చింది. "అమ్మ వీళ్ల దుంపతెగ! నా వెన్న, నా బొట్టు పెట్టించుకుని ఆ పళ్లాయనకు వేశారా!"

"వదినా, మెల్లగా."

"ఏం మెల్లగా? ఆ నామం వడ్రంగిదే! కుక్కకు కూడా పెట్టాను!"

సన్నటి మనిషి వెళ్లి పళ్లాయనతో గుసగుసలాడాడు. నెలరోజుల నుంచి చూస్తున్నాను, ఆయన పళ్లు లోపలికి పోవడం అదే మొదలు. తీసేస్తే తమవీ పోతాయని అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. అధికారి కూడా ఒక మాటన్నాడని మరదలు చెప్పింది: ఒక్కరికే ఉంటే అది గుర్తు, కాలనీ అంతటికీ ఉంటే దాంతో ఎవరిని పట్టుకుంటాం?

మళ్లీ లెక్కపెట్టారు. తమ్ముడు గెలిచాడు. ఆఖరి కుర్చీ, ఆఖరి మనిషి, అయినా గెలిచాడు. పక్కింటావిడ నన్ను పట్టుకుని అక్కడే డాన్సు చేసింది. నేను కాళ్లు తొక్కించుకున్నాను. తమ్ముడు ఎక్కడా కనపడలేదు. చూస్తే అధికారి వెనక తిరుగుతున్నాడు.

"ఒరేయ్, గెలిచావురా!"

"ఆగక్కా. ఆయన మెడ మీద ఒక మచ్చుంది. వచ్చి చూపించుకోమని చెప్పొస్తా."

వారం తరువాత పెద్దావిడ ఫోన్ చేసింది. "శుక్రవారం మా ఇంట్లో పేరంటం అండి. కౌన్సిలర్ గారి అక్కగారు, మీరు రాకపోతే ఏం బాగుంటుందండీ?"

పదేళ్లలో నన్నెవరూ పేరంటానికి పిలవలేదు. అయినా ఊరుకోలేదు.

"ఫోన్లో పిలిస్తే వస్తారా అండీ? మా వైపు అది పిలిచినట్టు కాదు."

ఆవిడ టక్కున ఫోన్ పెట్టేసింది. అయిపోయిందనుకున్నాను. మర్నాడు సాయంత్రం పట్టుచీర కట్టుకుని, వెండి భరిణె పట్టుకుని మా సందులోకి వచ్చింది. ఆవిడ కళ్లు మా గుమ్మం మీదున్నాయి, కాళ్లు ఎక్కడున్నాయో చూసుకోలేదు. మూత తన్నుకుని పడింది.

పక్కింటావిడా నేనూ చెరో రెక్కా పట్టి లోపలికి తెచ్చి సోఫాలో పడేశాం. కౌన్సిలర్ గారు నేల మీద కూర్చుని ఆవిడ కాలికి కట్టు కడుతున్నారు. భరిణె మాత్రం ఆవిడ చేతిలోంచి జారలేదు, అది ఒప్పుకోవాలి.

"అమ్మా, అబ్బా... ఇటు రండి" అంది.

"నొప్పి తగ్గనివ్వండి."

"ఇటు రమ్మంటుంటే! మళ్లీ పిలవలేదంటారు."

దగ్గరికెళ్లి కూర్చున్నాను. కళ్లు మూసుకుని, తల కొంచెం ముందుకు వంచాను. ఆవిడ పెట్టిన బొట్టు కూడా వంకర పోయింది. నొప్పికో, మరి దేనికో.

ఆవిడ కాలు మూడు వారాలకు తగ్గింది. మూత దిగడానికి మాత్రం ఏడాది పట్టింది. అప్పటిదాకా కౌన్సిలర్ గారు కట్లు కడుతూనే ఉన్నారు.